ముడి చమురు: పుట్టుక, వంట, పంపకం

1859 ఆగస్టు 27న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, టైటస్‌విల్ అనే ఊరి దగ్గర ఎడ్విన్ డ్రేక్ తవ్విస్తున్న బావిలో 69 అడుగుల పైచిలుకు లోతున చమురు తగిలింది. అప్పటికి పెట్రోలు బండ్లు లేవు. జనానికి కావలసిందల్లా దీపాల్లో పోసుకోవడానికి కిరోసిన్. తిమింగలం కొవ్వు నుంచి తీసే దీపపు నూనె ధర మండిపోతున్న రోజులవి. అందుకని ముడి చమురును కాచి, ఆవిరి పట్టి, చల్లార్చి కిరోసిన్ దింపుకునేవారు. ఆ కాగులోంచే, కిరోసిన్ కంటే ముందుగా, ఒక పలచని ద్రవం వచ్చేది. దీపంలో పోస్తే భగ్గుమనేది. దేనికీ కొరగాదని చాలాచోట్ల దాన్ని వాగుల్లోకి వదిలేసేవారు. అలా వదిలేసినదే పెట్రోలు.

చమురు సంగతి అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి మొదలు నాకు దొరకలేదు. అడిగింది కిరోసిన్ ఒక్కటే అయినా, అడగని పెట్రోలూ వచ్చింది, అడుగున తారూ మిగిలింది. ఎందుకంటే ముడి చమురు అనేది ఒక పదార్థం పేరు కాదు. వేల రకాల అణువులు చేరిన సంత అది. బరువు లెక్కన చూస్తే అందులో 83 నుంచి 87 శాతం కార్బన్, 10 నుంచి 14 శాతం హైడ్రోజన్. మిగిలింది గంధకం, నైట్రోజన్, ఆక్సిజన్, చిటికెడు లోహాలు. కార్బన్ పరమాణువులు గొలుసులుగానో, కొమ్మలుగానో, ఉంగరాలుగానో కూర్చుకుంటాయి, వాటి చుట్టూ హైడ్రోజన్ అంటిపెట్టుకుని ఉంటుంది. ఒకే కార్బన్ ఉంటే అది మీథేన్ వాయువు. ఏడెనిమిది ఉంటే పెట్రోలు. పన్నెండు, పదిహేను దగ్గర కిరోసిన్, డీజిలు. నలభై, యాభై దాటితే తారు వైపు పోతున్నట్టే. గొలుసు పొడవు మారితే సరుకు మారిపోతుంది. ఇది గుర్తుంటే భూమి పొరల్లో జరిగేది, రిఫైనరీలో జరిగేది, ఇంజన్‌లో జరిగేది వేర్వేరు కథలుగా కనిపించవు. మూడుచోట్లా వేడికి గొలుసులు తెగుతుంటాయి, అంతే.

డైనోసార్లకు సంబంధం లేదు

డైనోసార్ల కళేబరాలు కుళ్లి చమురైందన్న మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంటాం. నేలమీద డైనోసార్లు తిరిగిన కాలంలోనే ఇప్పటి చమురులో చాలా భాగానికి పునాది పడిన మాట నిజం. కానీ ఆ పునాది పడింది సముద్రాల్లో, కంటికి ఆనని జీవుల వల్ల. ఎండ తగిలే పైనీళ్లలో తేలుతూ బతికే ప్లవకాలు, సూక్ష్మ శైవలాలు చచ్చి సన్నని మంచు కురిసినట్టు అడుగుకు రాలుతుంటాయి. ఆ రాలినదంతా చమురు కాదు. దారిలోనే ఇతర జీవులు తినేస్తాయి, అడుగుకు చేరినదాన్ని బాక్టీరియా ఆక్సిజన్ సాయంతో కుళ్లబెట్టేస్తుంది. నూటికి ఒక పాలు కూడా బురదలో భద్రంగా మిగలదు.

మిగలాలంటే అడుగు నీటిలో ఆక్సిజన్ ఉండకూడదు. ఇలాంటి చోటు ఎలా ఉంటుందో చూడాలంటే ఇప్పటికీ నల్ల సముద్రం ఉంది. అక్కడ పైపొర దాటి రెండు వందల మీటర్ల లోతుకు వెళ్తే ఆక్సిజన్ ఉండదు. పైన జీవం కిటకిటలాడుతూ, కింద ఊపిరాడని నీళ్లు పేరుకున్న అటువంటి సముద్రాలు జురాసిక్, క్రెటేషియస్ యుగాల్లో చాలా ఉండేవి. ఉత్తర సముద్రపు చమురులో సింహభాగానికి, సౌదీ అరేబియాలోని మహా నిక్షేపాలకు మూలం జురాసిక్ కాలపు బురదే.

ఆ బురద మీద మరింత బురద పడుతుంది. కింది పొర నొక్కుకుపోయి, నీరు పిండుకుపోయి, షేల్ అనే నల్లటి పలకరాయి అవుతుంది. అందులో చిక్కిన జీవపదార్థం కెరోజెన్ అనే మైనంలాంటి గట్టి ముద్దగా మారుతుంది. కెరోజెన్ ఇంకా చమురు కాదు. అది కదలదు, కారదు, ఏ ద్రావకంలోనూ కరగదు. దాని పెద్ద పెద్ద అణువులు తెగితే గానీ చమురు పుట్టదు, తెగడానికి వేడి కావాలి.

భూమిలోకి కిలోమీటరు దిగినకొద్దీ దాదాపు 25 నుంచి 30 డిగ్రీలు వేడి పెరుగుతుంది. పొరలు కుంగుతూ కుంగుతూ రెండు కిలోమీటర్ల లోతుకు చేరేసరికి, అంటే 60 డిగ్రీల సెల్సియస్ దాటాక, కెరోజెన్ విరగడం మొదలవుతుంది. 60 నుంచి 150 డిగ్రీల మధ్య ఉన్న ఈ అరను భూగర్భ శాస్త్రజ్ఞులు చమురు కిటికీ అంటారు. కాచే నీటికి అటూ ఇటూ ఉండే ఈ వేడి పెద్ద సెగేమీ కాదు. కానీ సన్న సెగ మీద లక్షల, కోట్ల ఏళ్లు ఉంచితే అదే సరిపోతుంది. అంతకంటే లోతుకు పోయి వేడి హెచ్చితే చమురు గొలుసులు కూడా తెగి చివరకు మీథేన్ మిగులుతుంది. ఒక ప్రాంతంలో చమురు పడి, ఇంకో ప్రాంతంలో గ్యాస్ మాత్రమే పడటానికి ఒక పెద్ద కారణం ఇదే. రెండో కారణం ముడిసరుకు. నేలమీది చెట్లలో కలప ఎక్కువ, కొవ్వు తక్కువ. అవి బొగ్గుగానూ గ్యాస్‌గానూ మారతాయి. ప్లవకాల్లో కొవ్వు ఎక్కువ, కాబట్టి చమురు.

ఇదంతా నమ్మకానికి వదిలేసిన విషయం కాదు. ఆవర్తన పట్టిక రూపొందించిన మెండెలీవ్ అంతటివాడే 1877లో, భూగర్భంలో లోహమూ కార్బనూ కలిసిన కార్బైడ్ల మీద నీరు పడి చమురు పుడుతోందన్నాడు. 1934లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ ముడి చమురులో పార్ఫిరిన్లు అనే అణువులను పట్టుకున్నాడు. అవి ఆకుపచ్చని పత్రహరితం శిథిలాలు. కోట్ల ఏళ్లు ఉడికినా ఆ అణువు అస్థిపంజరం చెదరలేదు. రాయీ నీరూ కలిసి పత్రహరితాన్ని తయారుచేయలేవు కదా! జీవంతో పనిలేకుండా చమురు పుడుతుందన్న వాదాన్ని నమ్మి 1980ల చివర స్వీడన్‌లోని సిల్యాన్ ప్రాంతంలో ఆరు కిలోమీటర్లకు పైగా తవ్వి చూశారు. వ్యాపారానికి పనికొచ్చే చమురు పడలేదు.

భూగర్భంలో చెరువు లేదు

చమురు నిక్షేపం అనగానే కళ్ల ముందు ఒక నల్లటి గుహ, అందులో నిండుగా చమురు కనిపిస్తాయి. అలాంటిదేమీ ఉండదు. చేత్తో పట్టుకుంటే ఇసుకరాయి గట్టిగానే ఉంటుంది, కానీ దాని రేణువుల నడుమ సూక్ష్మమైన సందులుంటాయి. చమురు ఉండేది ఆ సందుల్లో, ఇటుక నీళ్లు పీల్చుకున్నట్టు. షేల్‌లో పుట్టిన చమురు ఒత్తిడికి బయటికి పిండుకుని ఇసుకరాయిలోకో సున్నపురాయిలోకో చేరుతుంది. ఆ రాళ్ల సందుల్లో అప్పటికే ఉప్పునీరు నిండి ఉంటుంది. చమురు నీటికంటే తేలిక కాబట్టి పైకి పైకి పాకుతూ పోతుంది.

అడ్డు లేకపోతే నేలమీదికే వచ్చేస్తుంది. పుట్టిన చమురులో చాలా భాగానికి ఈ గతే పట్టింది. లాస్ ఏంజెలస్ నడిబొడ్డున లా బ్రియా దగ్గర నేటికీ తారు ఊరుతోంది; ఏనాడో అందులో దిగబడిన జంతువుల ఎముకలు అక్కడ లక్షల్లో దొరికాయి. మెసొపొటేమియా వాళ్లు ఇటుకలకు, పడవలకు పూసిన తారు ఇలా తనంతట తాను పైకి ఊరినదే. కెనడాలోని అథబాస్కా ఇసుకలు ఇంకా విచిత్రం. అక్కడ చమురు ఉపరితలం దాకా వచ్చి ఆగింది, బాక్టీరియా అందులోని తేలికపాటి అణువులను తినేసింది, జిగట తారు మాత్రం ఇసుకకు అంటుకుని మిగిలిపోయింది.

చమురు ఆగాలంటే పైన సందులు లేని రాయి మూతగా ఉండాలి. బంకమన్ను పొరో, ఉప్పు పొరో ఆ పని చేస్తుంది. మూత ఒక్కటే చాలదు, దానికి ఆకారం కూడా కావాలి. పొరలు ముడుచుకుని బోర్లించిన గిన్నెలా పైకి ఉబ్బిన చోట, లేదా పొర విరిగి పక్కనున్న రాయికి గుద్దుకున్న చోట, లేదా ఉప్పు గుబ్బ పైకి పొడుచుకొచ్చిన చోట చమురు చిక్కుతుంది. సౌదీలోని ఘవార్ నిక్షేపం అలా ఉబ్బిన సున్నపురాయి మడత, పొడవు 280 కిలోమీటర్లు. 1901 జనవరి 10న టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్ దగ్గర వంద అడుగులకు మించిన ఎత్తున చమురు ఎగజిమ్మింది ఉప్పు గుబ్బ మీద తవ్విన బావి నుంచి. ఒత్తిడిలో ఉన్న రాతికి రంధ్రం పడటంతో జరిగిన పని అది. అప్పట్లో దాన్ని అదృష్టంగా చూశారు, ఇప్పుడు అలా జరిగితే ప్రమాదం.

వీటన్నిటికీ మించిన షరతు సమయం. గిన్నె ఆకారం ముందు తయారై, తర్వాత చమురు పుట్టాలి. చమురు వెళ్లిపోయాక వలపన్ని లాభం లేదు. రాయి ఉంది, మూత ఉంది, మడత ఉంది, అయినా కోట్లు పోసి తవ్వితే ఉప్పునీరే పడింది అంటే చాలాసార్లు ఈ వరస తప్పడమే కారణం.

దొరికినా అంతా పైకి రాదు. సందుల్లో రేణువులకు అంటుకున్న చమురు వదలదు. నీటినో వాయువునో కిందికి ఎక్కించి తోసినా ప్రపంచ సగటున మూడోవంతు చేతికొస్తే గొప్ప. ఈ మధ్య వినిపిస్తున్న షేల్ చమురు మాత్రం వలదాకా ఆగదు. బావిని నిలువునా దించి, షేల్ పొరలో అడ్డంగా తిప్పి, నీటిని, ఇసుకను భారీ ఒత్తిడితో పంపి ఆ రాయినే పగలగొట్టి, పుట్టిన చోటే చమురును పట్టుకుంటారు.

తీపి, పులుపు, తేలిక, బరువు

బయటికొచ్చిన చమురు ఎక్కడిదక్కడ వేరుగా ఉంటుంది. కొన్ని తేనె రంగులో నీళ్లలా పారతాయి, కొన్ని వేడిచేస్తే తప్ప కదలవు. గంధకం అరశాతం లోపు ఉంటే తీపి చమురు అంటారు, దాటితే పులుపు. ఇది ఊరికే పెట్టిన పేరు కాదు, వెనకటి కాలంలో నాలుకకు తాకించి చూసి చెప్పేవారట. బరువును అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పేరు మీదుగా వచ్చిన ఏపీఐ డిగ్రీల్లో కొలుస్తారు, అందులో లెక్క తలకిందులు: అంకె పెరిగితే చమురు తేలిక. నీటికి 10, తేలిక చమురుకు 31 పైన, బరువు చమురుకు 22 కంటే తక్కువ. ఒక రిఫైనరీని ఏ రకం చమురుకు కట్టారో ఆ రకమే దానికి ఒంటబడుతుంది. చమురు ఎగుమతి చేసే దేశాలు కూడా చమురు దిగుమతి చేసుకోవడం వింతగా కనిపిస్తుంది గానీ, కారణం చాలావరకు ఇదే.

కొలిమి, గోపురం

రిఫైనరీలో మొదటి పని ఉప్పు కడగడం. చమురుతో వచ్చిన ఉప్పునీటిని తీయకపోతే పైపులు తుప్పు పట్టిపోతాయి. తర్వాత కొలిమిలో 350 నుంచి 400 డిగ్రీల దాకా కాచి, గోపురమంత స్వేదన స్తంభం అడుగు భాగంలోకి వదులుతారు. చమురులో ఎక్కువ భాగం ఆవిరై పైకి లేస్తుంది. స్తంభం అడుగున వేడి ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. లోపల అంతస్తులు అంతస్తులుగా చిల్లుల పళ్లేలు ఉంటాయి. ఏ అణువు ఏ వేడి దగ్గర ద్రవంగా మారుతుందో ఆ పళ్లెం దగ్గర దిగిపోతుంది. పొడుగు గొలుసులు కిందే దిగిపోతాయి: ముందు డీజిలు, ఆపైన కిరోసిన్, ఇంకా పైన పెట్రోలుకు ముడిసరుకైన నాఫ్తా. వంటగ్యాస్‌గా వాడే ప్రొపేన్, బ్యూటేన్ లాంటివి ఎక్కడా ఆగకుండా కొసదాకా వెళ్తాయి.

అడుగున ఆవిరి కాకుండా మిగిలినదాన్ని ఇంకా కాచితే? కాచకూడదు. వేడి పెరిగితే అది మరగడానికి ముందే విరిగి మాడిపోయి బొగ్గు కడుతుంది. అందుకని దాన్ని గాలి తోడేసిన ఇంకో స్తంభంలోకి పంపుతారు. కొండమీద నీళ్లు తక్కువ వేడికే మరిగినట్టు, ఒత్తిడి తగ్గిస్తే ఆ బరువు నూనెలూ తక్కువ వేడికే ఆవిరవుతాయి. అక్కడా లేవని మొండి అడుగే రోడ్లకు వేసే తారు.

ఇంతవరకు జరిగింది వేరుచేయడమే. కొత్తగా ఏదీ పుట్టలేదు, చమురులో ఉన్నవే విడిపోయాయి. చిక్కు ఇక్కడే వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విద్యుద్దీపాలు వచ్చి కిరోసిన్ గిరాకీ తగ్గింది, కార్లు వచ్చి పెట్రోలు గిరాకీ పెరిగింది. వాగుల్లో పారబోసిన సరుకు బంగారమైంది. కానీ సహజంగా దొరికే పెట్రోలు పీపాలో కొంతే. మరి పెట్రోలు కోసమని మరిన్ని పీపాలు కాస్తే మిగతా సరుకును ఎవరు కొంటారు?

దారి చూపింది విలియం బర్టన్. బరువు నూనెలను ఒత్తిడిలో ఉంచి కాస్తే గొలుసులు తెగి పెట్రోలు వస్తుందని చూపి 1913లో పేటెంటు తీసుకున్నాడు. పీపాకు వచ్చే పెట్రోలు దాదాపు రెట్టింపైంది. భూమి తన పొరల్లో చేసిన పనినే మనిషి ఇనప కాగులో చేశాడన్న మాట. 1930ల్లో యూజీన్ హూడ్రీ అదే పనిని ఉత్ప్రేరకంతో చేయించాడు. 1942 నుంచి వాడుకలోకి వచ్చిన పద్ధతిలో ఆ ఉత్ప్రేరకం సన్నటి పొడి. ఆవిరి తోసుకుపోతుంటే నీళ్లలాగే పారుతుంది. వేడి పొడి మీద నూనె పడగానే గొలుసులు తెగుతాయి, పని కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆలోపే పొడి మీద మసి పేరుకుని దాని శక్తి చచ్చిపోతుంది. దాన్ని పక్క పాత్రలోకి పంపి గాలి ఊది మసిని కాల్చేస్తారు. ఆ మంట వేడినే మళ్లీ పొడి మోసుకొచ్చి తర్వాతి విడతకు ఇస్తుంది. చెత్తను కాల్చి పొయ్యి వెలిగించుకునే ఈ ఏర్పాటు, నా మటుకు నాకు, రిఫైనరీలో అన్నిటికంటే తెలివైన పని.

స్తంభంలోంచి దిగిన నాఫ్తాను నేరుగా బండిలో పోస్తే ఇంజన్ టకటకలాడుతుంది. పెట్రోలు ఇంజన్‌లో ఇంధనం నిప్పురవ్వ కోసం ఆగాలి, ఒత్తిడికే తొందరపడి అంటుకోకూడదు. తిన్నని గొలుసులకు ఆ ఓపిక లేదు. కొమ్మలున్నవాటికి, ఉంగరాలకు ఉంది. దీన్ని కొలిచేదే ఆక్టేన్ సంఖ్య: తిన్నని హెప్టేన్‌కు 0, కొమ్మల ఐసో ఆక్టేన్‌కు 100. డీజిలు ఇంజన్‌లో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ నిప్పురవ్వ ఉండదు, ఒత్తిడికే అంటుకోవాలి, కాబట్టి తిన్నని గొలుసులే మేలు. ఒకదానికి దోషమైనది రెండోదానికి గుణం.

ఆక్టేన్ పెంచడానికి 1921లో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టిన అడ్డదారి సీసం కలపడం. చవక, సులువు, విషం. ప్రపంచమంతా దాన్ని వదిలించుకోవడానికి వందేళ్లు పట్టింది. కార్లకు సీసపు పెట్రోలు అమ్మకాన్ని చివరగా ఆపింది అల్జీరియా, 2021లో. సరైన దారిని 1949లో వ్లాదిమిర్ హేన్సెల్ ప్లాటినం ఉత్ప్రేరకంతో వేశాడు. అది తిన్నని గొలుసులను ఉంగరాలుగా మలుస్తుంది. అలా మలిచేటప్పుడు హైడ్రోజన్ ఊడిపడుతుంది. ఆ హైడ్రోజన్‌ను పక్క యూనిట్‌కు పంపి డీజిలులోని గంధకాన్ని లాగేస్తారు. లాగిన గంధకం పచ్చటి గుట్టలుగా అమ్ముడవుతుంది. నేడు ప్రపంచంలో దొరికే గంధకంలో ఎక్కువ భాగం గనుల నుంచి కాక, చమురు, గ్యాస్ శుద్ధి నుంచే వస్తోంది.

ఒక తమాషా లెక్క. పీపా అంటే 42 అమెరికన్ గ్యాలన్లు, 159 లీటర్లు. అమెరికా రిఫైనరీల్లో పీపా చమురు పోస్తే సుమారు 45 గ్యాలన్ల సరుకు దిగుతుంది. బరువు పెరగలేదు, పొడుగు గొలుసులు తెగి వదులుగా సర్దుకున్నాయి, అంతే.

పంపకం దగ్గర పేచీ

ప్రపంచం రోజుకు 10 కోట్ల పీపాలకు పైగా వాడుతోంది. సగానికి పైగా రవాణాకే పోతుంది: కార్లకు పెట్రోలు, లారీలకు డీజిలు, విమానాలకు కిరోసిన్‌కు దగ్గరి చుట్టమైన ఇంధనం. ఓడలకు చాలాకాలం అడుగుసరుకే పోశారు. దానిలో గంధకం 3.5 శాతం దాకా చెల్లేది. 2020 జనవరి నుంచి అంతర్జాతీయ నిబంధన దాన్ని 0.5 శాతానికి దించింది.

మిగతా వాటాలు చిన్నవైనా ఎటు చూసినా కనబడతాయి. నాఫ్తాను నీటి ఆవిరితో కలిపి 800 డిగ్రీలు దాటించి క్షణంలో చల్లారిస్తే ఇథిలీన్, ప్రొపిలీన్ వస్తాయి. మళ్లీ గొలుసులు తెంచడమే, ఈసారి మరీ చిన్నగా. విడ్డూరం ఏమిటంటే, అంత కష్టపడి తెంచిన ముక్కలనే తిరిగి వేలకొద్దీ అతికి పాలిథిన్ చేస్తారు. పాలియెస్టర్ బట్ట, రంగులు, జిగురులు, టైర్లకు నలుపునిచ్చే కార్బన్ పొడి, ఎన్నో మందుల తయారీకి మొదటి మెట్టు అయిన బెంజీన్, అన్నీ ఈ కొమ్మవే. బావి కడ్డీలకు పట్టిన మైనపు జిడ్డును శుభ్రం చేసి రాబర్ట్ చీజ్‌బ్రో 1872లో పేటెంటు తీసుకున్నదే వాజెలిన్. మరీ మొండి అడుగును మాడ్చి చేసే కోక్ లేకపోతే అల్యూమినియం కొలిమికి విద్యుద్ధ్రువాలు ఉండవు. యూరియా లాంటి నైట్రోజన్ ఎరువులు కూడా చమురు నుంచే వస్తాయని తరచూ అంటుంటారు; వాటికి ప్రధాన ముడిసరుకు చమురు కాదు, సహజ వాయువు.

పీపాను విడగొట్టి ఒక్క సరుకే కొనలేమన్నది ఇక్కడ మళ్లీ అడ్డొస్తుంది. విద్యుత్ కార్లు పెట్రోలు గిరాకీని తగ్గిస్తాయి. కానీ విమానానికి, లారీకి, ప్లాస్టిక్‌కు పీపా ఇంకా కావాలి. ఆ పీపాతో పాటు పెట్రోలూ రాక తప్పదు. తెంచడం, మలచడం వంటి పనులతో వాటాలు కొంత మార్చవచ్చు, ఎంతైనా మార్చలేం. మార్చిన ప్రతి వాటాకూ కొత్త యూనిట్, కొత్త పెట్టుబడి. 1913లో కిరోసిన్ మిగిలిపోయి పెట్రోలు చాలక వచ్చిన పేచీ, ఇప్పుడు పెట్రోలు మిగిలే వైపు నుంచి వస్తోంది.

ఇక పీపాలో ఎక్కువ భాగం చేరేది మంటకే. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో లోపే. అది కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందంటే చాలామంది నమ్మరు. లెక్క తేలికే. ఆ లీటరులో 640 గ్రాముల దాకా కార్బన్ ఉంటుంది. మండేటప్పుడు ప్రతి 12 గ్రాముల కార్బన్ గాలి నుంచి 32 గ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. అలా 1,700 గ్రాములు గాలి నుంచే వచ్చి చేరతాయి. ఆ 640 గ్రాముల వెనక ఉన్న ఖర్చును 2003లో జెఫ్రీ డ్యూక్స్ అనే పరిశోధకుడు అంచనా కట్టాడు: ఒక అమెరికన్ గ్యాలన్ పెట్రోలు, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ, తయారు కావడానికి దాదాపు 89 టన్నుల ప్రాచీన వృక్షపదార్థం కావలసి వచ్చింది. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నుంచి ఎండ సాయంతో ఆ ప్లవకాలు కార్బన్‌ను దాచుకున్నాయి. ఇంజన్ ఆ కార్బన్‌కు మళ్లీ ఆక్సిజన్ జతచేసి, పొగగొట్టం గుండా వచ్చిన చోటికే పంపుతోంది.